అద్దకపు మనిషి, పట్టుదారం, విద్యుత్తు

నా ఉద్యోగమంతా హైస్కూళ్లలో ఫిజికల్ సైన్స్ చెప్పడంతోనే గడిచింది. అందులో ఎక్కువ కాలం ధర్మవరంలో. క్లాసులో సగం మంది మగ్గం ఉన్న ఇళ్ల పిల్లలే. వాళ్లకు విద్యుదావేశం పాఠం చెప్పేటప్పుడు స్టీఫెన్ గ్రే అనే ఇంగ్లండు అద్దకపు మనిషి కథ చెప్పకుండా నేనెప్పుడూ ముందుకు పోలేదు. నేను బోధించిన ఏ పుస్తకంలోనూ ఆయన పేరు లేదు. గాజు కడ్డీని పట్టుగుడ్డతో రుద్దితే ధనావేశం వస్తుందని ఒక వాక్యం ఉంటుంది, మరుసటి వాక్యంలో ఎలక్ట్రాన్లు వచ్చేస్తాయి. ఆ రెండు వాక్యాల నడుమ దాదాపు మూడు వందల ఏళ్లు గడిచాయి. ఆ కాలమంతటిలో నాకు అన్నిటికన్నా గొప్పదిగా తోచే రోజు 1729 జూలై 3. ఆ రోజు ఒక పట్టుదారం తెగింది.

గ్రే 1666లో కాంటర్‌బరీలో పుట్టాడు. తండ్రిది అద్దకం పని, కొడుకూ అందులోకే దిగాడు. అప్పటి కాంటర్‌బరీ పట్టునేతకు పేరున్న ఊరు. మతం పేరిట వేధింపులు పడలేక ఫ్రాన్సు వైపు నుంచి వలస వచ్చిన ప్రొటెస్టెంటు నేతగాళ్లు అక్కడ మగ్గాలు వేసుకుని బతికారు. మగ్గాలున్న ఊళ్లో రంగుల బట్టీలుంటాయి. ఆ బట్టీల దగ్గర పనిచేసే చేతులకు ఏ పోగు ఎంత నీరు తాగుతుందో, ఎంతసేపట్లో ఆరుతుందో, ఎంత బరువుకు తెగుతుందో తెలిసి ఉంటుంది. మా ఊళ్లో జనవరి పొద్దుల్లో, గాలి పొడిగా ఉన్నప్పుడు, బాగా ఆరిన పట్టు చిలపను చేత్తో నాలుగుసార్లు నిమిరితే పోగులు ఒకదాన్నొకటి తోసుకుంటూ విచ్చుకుంటాయి. చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా చిటపటలు వినిపిస్తాయి. పనిచేసేవాళ్లకు అదో చికాకు. గ్రేకు మాత్రం అది ప్రశ్న అయింది.

ఆయనకు ముందు ఈ విషయంలో ఏం తెలుసో చూద్దాం. విలియం గిల్బర్ట్ అనే వైద్యుడు 1600లో అయస్కాంతం మీద రాసిన పుస్తకంలో, రుద్దితే గడ్డిపరకల్ని లాగే గుణం ఒక్క అంబర్‌కే కాదు, వజ్రం, నీలం, గాజు, గంధకం, లక్క లాంటి వాటికీ ఉందని నిరూపించాడు. అయస్కాంతం లాగడం వేరు, ఇది వేరు అని కూడా ఖాయం చేశాడు. కానీ ఆ గుణం ఆ వస్తువుది మాత్రమే అనుకున్నారు, మిరపకాయకు కారం ఉన్నట్టు. ఉన్నవాటికి ఉంటుంది, లేనివాటికి లేదు. లోహాలు లేనివాటి జాబితాలో పడ్డాయి. తరవాత నూరేళ్లకు లండన్‌లో ఫ్రాన్సిస్ హాక్స్‌బీ గాజు గోళాన్ని గిరగిరా తిప్పుతూ చేత్తో ఒరిపిడి పెట్టి వెలుగులు పుట్టించాడు. చేత పట్టుకుని రుద్దే పొడవాటి గాజు గొట్టాన్ని కూడా ఆయనే అందరికీ అలవాటు చేశాడు. ఈ హాక్స్‌బీ కూడా బట్టల వ్యాపారంలో పనినేర్చుకుని వచ్చినవాడే. తరవాత అమెరికాలోని బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కు గాజు గొట్టం పంపిన పీటర్ కాలిన్సన్ బట్టల వర్తకుడు. విద్యుత్ చరిత్ర మొదటి అధ్యాయంలో బట్టల మనుషులు ఇంతమంది ఉండటం యాదృచ్ఛికమని నేను అనుకోను.

గ్రే 1720లో అచ్చువేయించిన వ్యాసంలో రుద్దితే ఆకర్షించే కొత్త వస్తువుల జాబితా ఇచ్చాడు. ఈకలు, వెంట్రుకలు, పట్టు, నారగుడ్డ, ఉన్ని, కాగితం, తోలు, చెక్క పేళ్లు. గిల్బర్ట్ జాబితాలో రత్నాలుంటే గ్రే జాబితాలో బట్టల కొట్టు సరుకు ఉంది. కొన్నిటిని ముందు నిప్పు దగ్గర వెచ్చబెట్టి తేమ పోగొట్టాలని కూడా రాశాడు. పోగును ఆరబెట్టడం తెలిసిన మనిషి రాసే మాట అది.

ఆయన జీవితం గురించి ఎక్కువ చెప్పను. అద్దకం చేస్తూనే దుర్భిణులు అమర్చుకుని సూర్యబింబం మీది మచ్చల్నీ, గ్రహణాల్నీ గమనించాడు. రాజ ఖగోళ పరిశీలకుడు ఫ్లామ్‌స్టీడ్‌తో ఉత్తరాలు నడిపాడు. కొంతకాలం కేంబ్రిడ్జిలో ఆచార్యుడు రోజర్ కోట్స్ దగ్గర సహాయకుడిగా ఉన్నాడు, అక్కడ కుదురుకోలేక మళ్లీ రంగుల దగ్గరికే వచ్చాడు. ఒంట్లో సత్తువ తగ్గాక 1719లో లండన్‌లోని చార్టర్‌హౌస్‌లో చోటు దొరికింది. థామస్ సటన్ అనే ధనికుడు 1611లో పెట్టిన ధర్మసంస్థ అది. 80 మంది నిరుపేద వృద్ధులకు తిండీ బసా, పక్కనే మగపిల్లలకు బడి. విద్యుత్తు ఒక వస్తువు నుంచి ఇంకో వస్తువులోకి నడుస్తుందని గ్రే గుర్తించింది ఆ వృద్ధాశ్రమపు గదిలో.

1729 ఫిబ్రవరిలో ఆయన దగ్గర ఒక గాజు గొట్టం ఉంది. పొడవు 3 అడుగుల 5 అంగుళాలు, మందం అంగుళం పైచిలుకు. లోపలికి దుమ్ము పోకుండా రెండు చివరలా బెండు బిరడాలు పెట్టాడు. బిరడాలు ఉన్నప్పుడు గొట్టం శక్తిలో ఏమైనా తేడా ఉంటుందా అని చూడబోయాడు. గొట్టం రుద్ది చిన్న ఈకను దగ్గరికి తెస్తే అది గాజు వైపు కాక బిరడా వైపు పోయి అంటుకుంది. రుద్దింది గాజును, లాగింది బెండు. దాదాపు నూట ముప్పై ఏళ్లుగా ఉన్న అభిప్రాయం అక్కడ కూలింది. గుణం వస్తువును వదిలి కదిలిందంటే అది వస్తువు గుణం కాదు, వస్తువులో ఉండగలిగే వేరే ఏదో. మనం ఆవేశం అంటున్నది ఆ ‘వేరే ఏదో’నే.

తరవాత ఆయన్ని ఆపేవాళ్లు లేరు. దంతపు బంతికి రంధ్రం చేసి, సన్నని కర్రపుల్లకు గుచ్చి, పుల్లను బిరడాలో దించాడు. బంతి ఈకను లాగింది. పుల్ల పొడవు పెంచాడు, లాగింది. పుల్లకు బదులు తీగ పెట్టాడు, సరుకు కట్టే పురికొస పెట్టాడు, లాగింది. బంతికి బదులు ఇంట్లో కనబడ్డవన్నీ వేలాడదీశాడు. బంగారు నాణెం, టీ కెటిల్, నిప్పులు తీసే పార, పట్టకారు, చెకుముకి రాయి, ఇటుక, కాయగూరలు. గిల్బర్ట్ లేదు పొమ్మన్న లోహాలు కూడా లాగాయి. గదిలో చోటు చాలక కెంట్ ప్రాంతంలోని మిత్రుల ఇళ్లకు వెళ్లి, మేడ మీది నుంచి 26 అడుగుల తాడు కిందికి వదిలి, పైన గొట్టం రుద్దితే కింద బంతి ఇత్తడి రేకును లాగడం చూశాడు.

నిలువుగా ఇంతకన్నా ఎత్తు దొరకదు కాబట్టి అడ్డంగా పోదామనుకున్నాడు. దూలానికి మేకు కొట్టి పురికొస ముక్కతోనే ఉచ్చు వేసి తాడును అందులోంచి పోనిచ్చాడు. ఈసారి బంతి కదలలేదు. వచ్చిందంతా ఆ ఉచ్చు గుండా దూలంలోకి పోతోందని సరిగ్గానే ఊహించాడు గాని, దానికి విరుగుడు అప్పటికి తోచలేదు.

జూన్ నెలాఖరున ఆటర్‌డెన్ ప్లేస్ అనే భవంతికి వెళ్లాడు. ఆ ఇంటి యజమాని గ్రాన్‌విల్ వీలర్‌కు ఈ ప్రయోగాల మీద అమితమైన ఆసక్తి. అడ్డంగా కట్టే ఉపాయం కోసం ఆలోచిస్తుంటే, తాడును పట్టుదారం మీద ఆన్చుదామని వీలర్ అన్నాడు. పట్టుదారం సన్నగా ఉంటుంది కాబట్టి దాని గుండా తక్కువే పోతుంది, మంచిదేనని గ్రే ఒప్పుకున్నాడు. జూలై 2 ఉదయం పది గంటల వేళ, చాపలు పరిచిన పొడవాటి నడవలో అడ్డంగా పట్టుదారం కట్టి, దాని మీదుగా పురికొస వేశారు. పొడవు ఎనభై అడుగుల పైచిలుకు. ఒక చివర గొట్టం రుద్దారు, ఆ చివర దంతపు బంతి ఇత్తడి రేకును లాగింది. తాడును మడిచి వెనక్కి తెచ్చి 147 అడుగులు చేశారు, అప్పుడూ లాగింది.

మర్నాడు పొడవు ఇంకా పెంచి తాడును మలుపులు తిప్పి కట్టారు. బరువుకు, ఊపుకు పట్టుదారం తెగింది. పట్టు అంత సన్నగా, అంతకన్నా గట్టిగా ఉండేదేదని వెదికితే చేతిలో తీగలున్నాయి. సన్నని ఇనుప తీగ కట్టారు, అదీ నిలవలేదు. కొంచెం లావుగా ఉన్న ఇత్తడి తీగ కట్టారు. అది బరువు మోసింది. కానీ ఎంత రుద్దినా అవతలి చివర రేకు కదల్లేదు.

అంతవరకూ వాళ్లు సన్నదనం వల్ల పని జరుగుతోందనుకున్నారు. ఇత్తడి తీగ కూడా సన్ననిదే. కాబట్టి పని జరిగింది సన్నదనం వల్ల కాదు, పట్టు పట్టు కావడం వల్ల. లోకంలోని వస్తువులు రెండు రకాలు. తన గుండా పోనిచ్చేవి, పోనివ్వనివి. వాహకం, బంధకం అని మనం ఎనిమిదో తరగతి పిల్లల చేత బట్టీ పట్టించేది ఇదే. ఇందులో చిత్రమేమిటంటే, రుద్దితే ఆవేశం పుట్టించే పట్టు దాన్ని పోనివ్వదు. ఎంత రుద్దినా పుట్టినట్టు కనబడని ఇత్తడి దాన్ని పరుగెత్తిస్తుంది. చేత్తో పట్టుకుని ఇత్తడిని రుద్దితే పుట్టిన ఆవేశం పుట్టినట్టే మన చెయ్యి, ఒళ్లు దాటి నేలలోకి పోతుంది. అందుకే గిల్బర్ట్‌కు లోహాల్లో అది దొరకలేదు. తరవాత కొద్ది రోజుల్లోనే ఇద్దరూ కలిసి పొలాల్లోకి కర్రలు పాతి, వాటికి పట్టుదారాలు కట్టి, పురికొసను 600 అడుగులు దాటించారు. ఈనాటి కరెంటు స్తంభాల మీద తీగకూ ఇనుప కమ్మీకీ మధ్య కనబడే పింగాణీ గిన్నెలు చేసే పని, ఆ పట్టుదారాలు చేసిన పని ఒక్కటే.

తెలివైన పిల్లలు ఇక్కడ ఒక ప్రశ్న అడుగుతారు. పురికొస కరెంటు పోనివ్వదు కదా సార్, బల్బుకు కడితే వెలగదు కదా? వెలగదు. కానీ లెక్క చూడాలి. ఆవేశాన్ని కూలుంబుల్లో కొలుస్తాం. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు గుండా ఒక్క సెకనులో పోయే ఆవేశం కూలుంబులో ఇరవై అయిదో వంతు. గాజు గొట్టాన్ని రుద్దితే వచ్చేది మహా అయితే కూలుంబులో పది లక్షలో వంతు. అంటే అందులో 6 లక్షల కోట్ల ఎలక్ట్రాన్ల లెక్క ఉన్నా, బల్బు వాడకం ముందు అది ఏ మూలకూ రాదు. అంత కొంచెం ఆవేశాన్ని వేల ఓల్టుల ఒత్తిడి తోస్తుంటే, గాలిలోని తేమను పీల్చుకున్న జనుప నార కూడా దారి ఇస్తుంది. పట్టు కూడా కొంత తేమ పీలుస్తుంది. అయినా దాని గుండా ఆవేశం ఎంతో నెమ్మదిగా జారుతుంది. సాయంత్రం మంచు పడే వేళకు ఆకర్షణ తగ్గిందని గ్రే రాసుకున్నాడు. మంచు వల్లా, పనితో తన ఒళ్లు వేడెక్కడం వల్లా అని సందేహం కూడా రాసిపెట్టాడు. నిజాయితీ గల పరిశీలకుడు అలాగే రాస్తాడు.

ధర్మవరంలో ఈ ప్రయోగానికి కావలసినవి కొనాల్సిన పనే లేదు. పిల్లలు ఇంటి నుంచి పట్టుపోగూ, అసలు జరీపోగూ తెచ్చేవాళ్లు. పట్టుపోగు చుట్టూ వెండి పూత తీగ చుడితే జరీ. రెండూ కంటికి ఒకే మందం. క్లాసు గదిలో ఒక కిటికీ నుంచి ఎదురు కిటికీకి పురికొస లాగి, మధ్యలో మూడు చోట్ల పట్టుపోగులతో కమ్మీలకు వేలాడదీసేవాళ్లం. చివర నిమ్మకాయకు వెండి కాగితం చుట్టి కట్టేవాళ్లం. గాజు గొట్టం బదులు పీవీసీ పైపు, ఉన్నిగుడ్డ. ఒకడు పైపు రుద్ది తాడుకు తాకిస్తుంటే, అవతల నిమ్మకాయ కింద పెట్టిన చాక్లెట్ కాగితం తునకలు ఎగిరి అంటుకునేవి. తరవాత ఒక్క పట్టుపోగు తీసేసి జరీపోగు కట్టమనేవాణ్ని. మిగతా రెండూ పట్టువే, తాడు అదే, పైపు అదే. తునకలు నేల మీద నుంచి లేవవు. ఒక్క కంత ఉంటే చాలు, అంతా పోతుంది. ఇళ్లలో రోజూ ఆ రెండు పోగుల్నీ పక్కపక్కన చూసే పిల్లలు, వాటి మధ్య ఇంత తేడా ఉందని తెలిసి జరీపోగును వేళ్ల మధ్య నలుపుతూ చూసేవాళ్లు. ఆ తరవాత వాహకం, బంధకం అని నేను బోర్డు మీద రాస్తే అవి వాళ్లకు ఊరికే మాటలుగా ఉండేవి కావు.

1730 ఏప్రిల్ 8న గ్రే ఇంకో అడుగు వేశాడు. ఎనిమిది తొమ్మిదేళ్ల కుర్రవాణ్ని, బట్టలతో సహా 47 పౌన్ల 10 ఔన్సుల బరువు, అంటే 21 కిలోల పైచిలుకు, బట్టలు ఆరేసే వెంట్రుక తాళ్ల మీద బోర్లా పడుకోబెట్టి పైకప్పు నుంచి వేలాడదీశాడు. పాదాల దగ్గర గొట్టం పెడితే ముఖం ఇత్తడి రేకును లాగింది. మనిషి ఒళ్లు కూడా వాహకమేనని అలా తేలింది. ఈ ప్రయోగం సైన్సు వ్యాసంలో ఆగలేదు. పదేళ్లు తిరగకుండా యూరప్ అంతటా వేడుకయిపోయింది. జమీందారీ భవనాల్లో దీపాలు తగ్గించి, పట్టుతాళ్ల మీద పిల్లవాణ్ని వేలాడదీసి, ముక్కు కొసకు వేలు దగ్గర పెట్టి నిప్పురవ్వ తీయించేవాళ్లు. ఊరూరా తిరిగి డబ్బు తీసుకుని చూపించే ఉపన్యాసకులు తయారయ్యారు. అలాంటి ఒకాయన 1743లో బోస్టన్‌లో ఇచ్చిన ప్రదర్శన చూసే బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కు ఇందులో ఆసక్తి పుట్టింది. వేడుకల్ని చిన్నచూపు చూడటం నాకు నచ్చదు. ఈ వేడుకే లేకపోతే, ఆవేశాలకు ఫ్రాంక్లిన్ పెట్టిన ప్లస్, మైనస్ గుర్తులు మనకు ఇంకెవరి దగ్గర నుంచో, ఇంకెప్పుడో వచ్చేవి.

ఆ లోగా పారిస్‌లో రాజోద్యానం పర్యవేక్షకుడు దు ఫే, గ్రే ప్రయోగాలన్నీ మళ్లీ చేశాడు. పురికొసను తడిపితే ఇంకా బాగా నడుస్తుందని కనుక్కుని 1256 అడుగులు తీసుకుపోయాడు. 1733లో ఆయన చూసింది ఇది. రుద్దిన గాజు తాకి దూరంగా తోసేసిన బంగారు రేకును, రుద్దిన గుగ్గిలం ముక్క లాగేసుకుంది. ఆవేశాలు రెండు రకాలన్నమాట, సజాతివి తోసుకుంటాయి, విజాతివి లాక్కుంటాయి. గ్రే ఒకచోట కొన్ని రంగులు ఎక్కువ లాగుతాయన్నాడు. దు ఫే రంగురంగుల పట్టు రిబ్బన్లు వేలాడదీసి చూసి, తేడా రంగుది కాదు, అద్దకంలో వాడిన సరుకుదని తేల్చాడు. అద్దకపు మనిషి గమనించిన తేడా నిజమే, కారణం మాత్రం బట్టీలోనే ఉంది.

ఫ్రాంక్లిన్ 1747లో కాలిన్సన్‌కు రాసిన ప్రయోగం నాకు ప్రాణం. ఒకడు మైనం దిమ్మె మీద నిలబడి గొట్టం రుద్దుతాడు. ఇంకొకడు మరో దిమ్మె మీద నిలబడి ఆ గొట్టం నుంచి ఆవేశం అందుకుంటాడు. నేల మీద నిలబడ్డ మూడోవాడు ఎవరిని తాకినా నిప్పురవ్వ వస్తుంది. అలా కాక ఆ ఇద్దరే ఒకరినొకరు తాకితే ఇంకా పెద్ద రవ్వ వస్తుంది, ఆ తరవాత ఎవరిలోనూ ఏమీ మిగలదు. రుద్దడం వల్ల కొత్తగా ఏదీ పుట్టలేదు. ఒకడి నుంచి పోయింది, ఇంకొకడికి చేరింది, తాకగానే లెక్క సరిపోయింది. అదే ఆవేశ నిత్యత్వం. పట్టుతో రుద్దిన గాజుకు ఎక్కువ వచ్చిందని ఊహించి దానికి ప్లస్ పెట్టాడు. 1897లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను గుర్తించాక, గాజు నుంచి పట్టుకు పోయింది ఎలక్ట్రాన్లని, నిజానికి ఎక్కువ వచ్చింది పట్టుకేనని అర్థమైంది. అప్పటికే గుర్తులు పాతబడిపోయాయి కాబట్టి ఎలక్ట్రాన్‌కు మైనస్ దక్కింది. తీగలో కరెంటు ఒకవైపు, ఎలక్ట్రాన్లు ఎదురువైపు అని చెప్పినప్పుడు పిల్లలు తికమకపడటానికి మూలం ఇదే. అది వాళ్ల తెలివితక్కువ కాదని మాస్టార్లు ముందే చెప్పాలి.

పట్టు తరవాత కూడా ఈ శాస్త్రాన్ని వదల్లేదు. 1785లో కూలుంబ్ ఆవేశాల మధ్య బలాన్ని కొలిచిన త్రాసులో అడ్డంగా తిరిగే ముల్లు, లక్క పూసిన పట్టుదారమే. అమెరికాలో జోసెఫ్ హెన్రీ బలమైన విద్యుదయస్కాంతాలు చేయగలిగింది రాగి తీగకు పట్టు చుట్టి, చుట్ల మీద చుట్లు వేయడం వల్లనే.

గ్రేకు బతికుండగానే కొంత గౌరవం దక్కింది. రాయల్ సొసైటీ కాప్లే పతకం మొట్టమొదట 1731లో ఆయనకే ఇచ్చారు, మరుసటి ఏడూ ఆయనకే ఇచ్చారు. 1736 ఫిబ్రవరిలో, పోయే ముందురోజు, సొసైటీ కార్యదర్శి క్రామ్‌వెల్ మార్టిమర్‌కు తన ఆఖరి ప్రయోగాల సంగతి పడక మీద నుంచే చెప్పి రాయించాడు. ఆయనదని చెప్పదగ్గ చిత్రపటం ఒక్కటీ లేదు.

ఆటర్‌డెన్ ప్రయోగాల్ని గ్రే ఒక పొడవాటి ఉత్తరంగా మార్టిమర్‌కు రాశాడు. రాయల్ సొసైటీ ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్ 37వ సంపుటంలో అది అచ్చయింది. అందులో ఒక్క సమీకరణం లేదు. తాడు ఎంత, దారం ఏది, ఎన్ని గంటలకు, ఏం కదిలింది, ఏం కదల్లేదు, అంతే. ఇంగ్లీషు, భౌతికశాస్త్రం రెండూ తెలిసిన యువకులెవరైనా పూనుకుని ఆ ఉత్తరాన్ని హైస్కూలు పిల్లలు చదువుకునేలా తెలుగులోకి తేవాలి. సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా మన వైపు గాలి పొడిగా ఉంటుంది. సైన్సు మాస్టార్లు ఆ రోజుల్లో ఒక పూట తీసుకుని పిల్లల చేత ఆ తాడు కట్టించాలి.